కటింగ్ మిషన్ నొక్కగానే బ్రేకర్ పడిపోతోంది: 32 ఆంపియర్లది వేయించవచ్చా?

కల్వకుర్తిలో గేట్లు, కిటికీ గ్రిల్స్ తయారుచేసే మిత్రులొకరు అడిగిన ప్రశ్న ఇది. వారి దగ్గర ఇనుము కోసే పద్నాలుగు అంగుళాల కటింగ్ మిషన్ ఉంది. దాని ప్లేటు మీద 230 వోల్టులు, 2200 వాట్లు అని రాసి ఉంది. పాత రేకుల షెడ్డులో మూడేళ్లు ఏ ఇబ్బందీ లేకుండా నడిచిన ఆ మిషన్, ఆరు నెలల కిందట కొత్త షట్టరు గదిలోకి మారినప్పటి నుంచి అప్పుడప్పుడు బ్రేకర్‌ను పడేస్తోంది. గత పక్షం రోజులుగా రోజూ ఇదే వరస. స్విచ్ నొక్కగానే రెండు మూడుసార్లు పడి, నాలుగోసారికి నడుస్తుంది. మధ్యాహ్నం పూట మాత్రం నడుస్తూ నడుస్తూ పది నిమిషాలకు మళ్లీ పడుతుంది. పక్క దుకాణం నుంచి పొడవాటి ఎక్స్‌టెన్షన్ వైరు లాగి వేస్తే పడటం లేదు. ఇప్పుడున్న 16 ఆంపియర్ల బ్రేకర్ తీసేసి 32 వేస్తే సరిపోతుందని ఎలక్ట్రీషియన్ చెప్పాడట, వేయించమంటారా అని అడిగారు.

వేయించవద్దు. ముందు ఈ ఒక్క మాట గట్టిగా చెప్పి మిగతా విషయానికి వస్తాను. బ్రేకర్ పెట్టింది మీ మిషన్‌ను కాపాడటానికి కాదు, గోడలో పైపు లోపల ఎవరి కంటికీ కనబడకుండా ఉన్న వైరును కాపాడటానికి. అందువల్ల బ్రేకర్ ఎన్ని ఆంపియర్లది ఉండాలో మిషన్ వాట్లు నిర్ణయించవు, వైరు మందం నిర్ణయిస్తుంది. 2.5 స్క్వేర్ ఎంఎం రాగి వైరు ఉన్న లైనుకు 16, వైరు మంచిదై పైపులో రద్దీ లేకపోతే 20 ఆంపియర్లు వేస్తాము. 4 స్క్వేర్ ఎంఎం వైరుకు 25 వేస్తాము. 32 వేయాలంటే మీటరు దగ్గర నుంచి సాకెట్టు దాకా 6 స్క్వేర్ ఎంఎం వైరు ఉండాలి. అంత వైరు లాగినా మీ ప్లగ్గు, సాకెట్టు 16 ఆంపియర్లవే. వాటి వెనుక 32 బ్రేకర్ ఉంటే, ఆ సాకెట్టులో 28 ఆంపియర్లు గంటసేపు పారినా ఆపేవాడు ఉండడు.

నల్లగొండలో ముప్పై ఏళ్లకు పైగా మోటారు వైండింగ్ చేస్తున్నాను. బావి మోటార్లు ఎన్ని విప్పానో గ్రైండర్లు, కట్టర్లు, రంపాలు దాదాపు అన్నే విప్పాను. ఏడెనిమిదేళ్ల కిందట ఒక వడ్రంగి దుకాణంలో రందా మిషన్ కాలిపోయిందని పిలిస్తే వెళ్లాను. మిషన్‌కు ఏమీ కాలేదు. బోర్డు దగ్గరికి వెళ్లగానే చేపలు మాడినట్లు వాసన వచ్చింది. ప్లాస్టిక్ సాకెట్లు లోపల వేడెక్కితే సరిగ్గా అలాంటి వాసనే వస్తుంది. అంతకు ముందు ఎవరో అక్కడ 16 తీసి 32 వేశారు. బోర్డు విప్పి పైపులోని వైరు లాగబోతే రాలేదు, కోసి తీయవలసి వచ్చింది. 1.5 స్క్వేర్ ఎంఎం వైరు అది. ఫేజు, న్యూట్రల్, ఎర్తు మూడు వైర్ల తొడుగులూ కరిగి, బెత్తెడు పొడవున ఒకే నల్లటి ముద్దగా అతుక్కుని ఉన్నాయి. ఆ గోడకు ఇవతలి పక్కన నడుము ఎత్తున చెక్క పొట్టు పోసి ఉంది. బ్రేకర్ పడటం ఆగిపోయిందని ఆ యజమాని నాలుగు నెలలు సంతోషంగానే ఉన్నాడు. ఆ ముద్దను ఈ రోజుకీ నా దుకాణంలో గోడకు వేలాడదీసి ఉంచాను. 32 వేయమని అడిగిన ప్రతి ఒక్కరికీ చూపిస్తాను.

ఇక మీ విషయానికి వస్తే, మీరు ఒకే జబ్బు అనుకుంటున్నది రెండు జబ్బులు. నొక్కగానే పడటం ఒకటి, పది నిమిషాలకు పడటం మరొకటి. బ్రేకర్ లోపల రెండు వేర్వేరు భాగాలు ఉంటాయి. ఒకటి చిన్న రాగి చుట్ట. కరెంటు ఒక్కసారిగా ఎగిస్తే అది అయస్కాంతమై రెప్పపాటులో లివర్‌ను పడేస్తుంది. రెండవది రెండు లోహాలు అతికించిన పట్టీ. పరిమితికి మించిన కరెంటు కొంతసేపు పారితే వేడికి నెమ్మదిగా వంగి పడేస్తుంది. ఏది పడేసిందో తెలుసుకోవడానికి పరికరం అక్కర్లేదు. పడిన వెంటనే లివర్‌ను పైకి ఎత్తితే నిలిచిందా, అది అయస్కాంతం పని. ఎత్తినా నిలవక జారిపోయి, ఒకటి రెండు నిమిషాలు ఆగిన తరువాతే నిలిచిందా, అది వేడి పని. ఉదయం పడినప్పుడూ మధ్యాహ్నం పడినప్పుడూ ఈ తేడా గమనించండి. నేను ఊహించినట్లయితే ఉదయం వెంటనే నిలుస్తుంది, మధ్యాహ్నం నిలవదు.

అంతకంటే ముందు, పడుతున్నది నిజంగా ఎమ్‌సీబీయేనా, అంటే ఇప్పటిదాకా నేను చెప్పిన మామూలు బ్రేకరేనా అన్నది తేల్చుకోవాలి. కొత్త గదుల బోర్డుల్లో ఇప్పుడు ఎమ్‌సీబీతో పాటు ఆర్‌సీసీబీ కూడా పెడుతున్నారు. దాని మీద ‘టెస్ట్’ అని చిన్న బొత్తాం, 30 మిల్లీ ఆంపియర్లు అన్న అంకె ఉంటాయి. రెండూ పక్కపక్కనే ఉండి, చూడటానికి ఒకలాగే ఉంటాయి కనుక పనివాళ్లు దేన్నైనా ‘ట్రిప్పు’ అనే అంటారు. కానీ ఎమ్‌సీబీ పడితే కరెంటు ఎక్కువైందని అర్థం, ఆర్‌సీసీబీ పడితే కరెంటు దారి తప్పి ఎర్తులోకో మనిషిలోకో పోతోందని అర్థం. వెతకవలసిన చోట్లు వేరు, ప్రమాదమూ వేరు. మీరు 16, 32 అంటున్నారు కాబట్టి ఎమ్‌సీబీ అనే అనుకుని రాస్తున్నాను. ఆర్‌సీసీబీ అయితే ఏం చేయాలో చివర చెబుతాను.

నొక్కగానే పడటం గురించి కాస్త లెక్క వేసి చూద్దాం. 2200ను 230తో భాగిస్తే 9.6 ఆంపియర్లు, ఇది మిషన్ వేగం అందుకుని నడుస్తున్నప్పటి కరెంటు. నిలిచి ఉన్న మోటారును లేపే ఆ మొదటి క్షణంలో, సాఫ్ట్ స్టార్ట్ (మోటారును నెమ్మదిగా లేపే ఏర్పాటు) లేని ఇలాంటి కార్బన్ బ్రష్‌ల మోటారు ఐదారు రెట్లు, ఒక్కోసారి ఎనిమిది రెట్ల దాకా లాగుతుంది. ఆరు రెట్లు అనుకుంటే 58 ఆంపియర్లు. ఇప్పుడు మీ బ్రేకర్ మీది అంకెను చూడండి. ఊరికే 16 అని ఉండదు, దాని ముందు ఒక అక్షరం ఉంటుంది: బి 16, సి 16 లేదా డి 16. దుకాణాల్లో ఎవరూ పట్టించుకోని ఆ ఒక్క అక్షరమే ఇక్కడ కీలకం. ఐఎస్/ఐఈసీ 60898 ప్రమాణం ప్రకారం బి రకం తన ఆంపియర్లకు 3 నుంచి 5 రెట్ల మధ్య, సి రకం 5 నుంచి 10 రెట్ల మధ్య, డి రకం 10 నుంచి 20 రెట్ల మధ్య తక్షణం పడాలి. అంటే బి 16 అయితే 48కి, 80కి మధ్య ఎక్కడైనా పడవచ్చు. మీ మిషన్ మొదటి దెబ్బ 58 సరిగ్గా ఆ మధ్యలో ఉంది. అందుకే ఒకసారి పడి ఒకసారి పడకపోవడం. మీరు స్విచ్ నొక్కిన క్షణానికి కరెంటు అల ఏ స్థానంలో ఉందో దాన్ని బట్టి కూడా ఆ మొదటి దెబ్బ పెరుగుతుంది, తగ్గుతుంది. సెకనుకు 50 సార్లు తిరిగే అలలో మన వేలు ఎక్కడ పడుతుందో మన చేతిలో లేదు. నాలుగోసారికి నడిచిందంటే ఆ నాలుగోసారి 58 కాక 45 వచ్చి ఉంటుంది. అదే సి 16 అయితే 80 దాటే దాకా తక్షణం పడదు, కాబట్టి మంచి స్థితిలో ఉన్న మిషన్ దాని మీద హాయిగా లేస్తుంది.

పాత షెడ్డులో మూడేళ్లు నడిచి, కొత్త గదిలోకి మారగానే మొదలైందని మీరే రాశారు. ఇళ్ల గదులకు, లైట్లకు వేసే బి రకాన్నే ఆ గదికీ వేసి ఉంటారని నా అనుమానం. మీరు రాసిన ఎక్స్‌టెన్షన్ వైరు సంగతి దీన్ని ఇంకా బలపరుస్తోంది. పక్క దుకాణం నుంచి వేసినప్పుడు ఒకేసారి రెండు మారాయి: బ్రేకర్ మారింది, వైరు పొడవూ పెరిగింది. ముప్పై మీటర్ల 1 స్క్వేర్ ఎంఎం వైరు అనుకుంటే, పోను రాను అరవై మీటర్లకు నిరోధం సుమారు 1.2 ఓమ్‌లు. అది ఆ మొదటి దెబ్బను తానే మింగేస్తుంది కాబట్టి బ్రేకర్ పడదు. పొడవు వైరుతో పడటం లేదంటే షార్ట్ కంటే మొదటి దెబ్బ మీదే ఎక్కువ అనుమానపడాలి. అయితే దాన్నే మందు అనుకుని రోజూ అలాగే నడపవద్దు. నడుస్తున్నప్పుడు పదకొండున్నర వోల్టుల దాకా ఆ వైరులోనే పోతాయి, బరువు పడినప్పుడు ఇంకా పోతాయి. మోటారు వేగం తగ్గుతుంది, దాని ఫ్యాను గాలి తగ్గుతుంది, పనివాడు ఇంకా గట్టిగా నొక్కుతాడు, లోపల తిరిగే ఆర్మేచర్ (తీగ చుట్టిన ఇరుసు భాగం) కాలుతుంది. చుట్టచుట్టిన వైరును విప్పకుండా వాడితే ఆ చుట్టే పొయ్యి అవుతుంది. తప్పనిసరై ఎక్స్‌టెన్షన్ వాడవలసి వస్తే 2.5 స్క్వేర్ ఎంఎం వైరు కొనండి, పూర్తిగా విప్పి పరచండి.

కాబట్టి బోర్డు మీద బి 16 అని కనబడి, లోపలి వైరు 2.5 స్క్వేర్ ఎంఎం అయితే, దాని స్థానంలో సి 16 వేయించండి. అంకె అదే, అక్షరం మాత్రమే మారుతుంది. ఎక్కువసేపు పారే కరెంటు విషయంలో వైరుకున్న రక్షణ ఏమాత్రం తగ్గదు. వేడి పట్టీ రెండింటిలో ఒకే లెక్కతో పనిచేస్తుంది. ఒక్క జాగ్రత్త ఉంది. సి రకం తక్షణం పడాలంటే ఎక్కువ కరెంటు కావాలి కనుక, మిషన్ బాడీకి ఫేజు తగిలినప్పుడు అంత కరెంటు పారగలిగేటంత మంచి ఎర్తింగ్ ఉండాలి. మన వైపు ఎర్రనేల, రాతినేల. ఎండాకాలంలో ఎర్తు గుంత ఎండిపోతుంది. అందుకని సి రకం వేసే రోజే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ కూడా లేకపోతే పెట్టించండి, ఎర్తు గుంతలో నీళ్లు పోసే అలవాటు చేసుకోండి. డి రకం మాత్రం అడగవద్దు. అది ట్రాన్స్‌ఫార్మర్ల వంటి వాటికి పనికివస్తుంది గానీ ఇలాంటి చిన్న లైనుకు అవసరం లేదు.

కానీ బ్రేకర్ ఒక్కటే కారణమైతే ఆరు నెలలూ ఒకేలా ఉండాలి. గత పక్షం రోజుల్లో పెరిగిందంటే మిషన్‌లో కూడా ఏదో మారింది. దీన్ని తేల్చడానికి నేను మొదట చేసే పని చాలా సులువైనది. మీ మిషన్‌ను సి 16 ఉన్నదని తెలిసిన మరొకరి దుకాణంలో, ఎక్స్‌టెన్షన్ లేకుండా, నేరుగా గోడ సాకెట్టులో పెట్టి పదిసార్లు ఆపి వేసి చూడండి. అలాగే అంత వాట్లదే వేరే వాళ్ల మిషన్ తెచ్చి మీ సాకెట్టులో పదిసార్లు వేసి చూడండి. మీ మిషన్ అక్కడ కూడా పడేస్తే మిషన్ విప్పాలి. వేరే మిషన్ కూడా మీ దగ్గర పడేస్తే బోర్డు విప్పాలి. ఒక్కసారి వేసి తేల్చేయకండి. ఇలాంటి అప్పుడప్పుడు వచ్చే జబ్బుకు పదిసార్లు వేస్తేనే నిజం బయటపడుతుంది.

పరీక్షించేటప్పుడు ఇంకొకటి గమనించండి. స్విచ్ నొక్కినప్పుడు పడితే, ప్లగ్గు తీసేసి, డిస్కును చేత్తో పావు చుట్టు తిప్పి మళ్లీ వేయండి. కొన్ని స్థానాల్లోనే పడుతూ, తిప్పితే నడుస్తూ ఉంటే ఆర్మేచర్‌లో ఒకటి రెండు చుట్లు కలిసిపోయాయన్న అనుమానం బలపడుతుంది. తిప్పేటప్పుడు డిస్కు తేలికగా తిరుగుతోందా, గరగరమంటోందా అన్నది కూడా చేతికి తెలుస్తుంది. బేరింగులో గ్రీజు ఎండి ఇనుప పొడి చేరితే లేవడానికి ఎక్కువ సమయం తీసుకుంటుంది, ఆ దెబ్బ ఎక్కువసేపు ఉంటుంది. డిస్కు ఇనుప ముక్కకు ఆని ఉండగా స్విచ్ నొక్కే అలవాటు మీ కుర్రవాళ్లలో ఎవరికైనా ఉంటే వెంటనే మాన్పించండి. ముందు మిషన్ పూర్తి వేగం అందుకోవాలి, ఆ తరువాతే డిస్కును ముక్క మీదికి దించాలి.

మిషన్ విప్పవలసి వస్తే, ప్లగ్గు తీసి మీ కళ్ల ముందే పెట్టుకుని విప్పండి. మొదట వైరు. మిషన్‌లోకి వైరు దూరే చోట రబ్బరు గొట్టం ఉంటుంది, పనివాళ్లు మిషన్‌ను వైరు పట్టుకుని లాగుతారు కనుక లోపలి తీగలు అక్కడే తెగి ఒకదానికొకటి తగులుతాయి. ఆ చోట వంచి చూస్తే మెత్తగా, లోపల ఏమీ లేనట్లు తగులుతుంది. ప్లగ్గు విప్పి, స్క్రూ కింద నుంచి ఒక్క రాగి పోగైనా పక్క పిన్ను వైపు బయటికి వచ్చి ఉందేమో చూడండి. తరువాత ట్రిగ్గర్ స్విచ్. పాయింట్లు కాలిపోతే నొక్కినప్పుడు తటతటమని కలిసి విడిపోయి, ఒక్కసారి రావలసిన మొదటి దెబ్బ మూడుసార్లు వస్తుంది. నొక్కే చోట మాడిన వాసన ఉంటే స్విచ్ మార్చేయండి, బాగు చేయించవద్దు.

ఆ తరువాత కార్బన్ బ్రష్‌లు. రెండు పక్కల మూతలు విప్పితే బయటికి వస్తాయి. బ్రష్ మీద అరుగుదల గీత ఉంటే ఆ గీత వరకు, గీత లేకపోతే ఐదారు మిల్లీమీటర్లు మిగిలేదాకా వాడవచ్చు, అంతకంటే తగ్గితే రెండూ కలిపి మార్చాలి. ఒకటి కొత్తది, ఒకటి పాతది ఎప్పుడూ వద్దు. బ్రష్ కొస నున్నగా, మెరుస్తూ, కమ్యుటేటర్ (ఆర్మేచర్ మీద బ్రష్‌లు ఆనే రాగి పలకల చుట్టు) గుండ్రానికి సరిగ్గా సరిపోయే వంపుతో ఉండాలి. అంచు విరిగి, గరుకుగా ఉంటే అది సరిగ్గా ఆనడం లేదు. బ్రష్‌లు తీసిన ఆ రంధ్రంలోంచి టార్చి వేసి, డిస్కును చేత్తో నెమ్మదిగా తిప్పుతూ కమ్యుటేటర్ పలకలను చూడండి. మంచి కమ్యుటేటర్ అంతటా ఒకే రకమైన లేత గోధుమ రంగులో ఉంటుంది. వరసగా ఉన్న రెండు పలకలు మాత్రమే నల్లగా కాలి, మిగతావి బాగుంటే, ఆ రెండింటి మధ్య చుట్ట పోయిందని లెక్క. మిషన్ నడుస్తున్నప్పుడు బ్రష్ దగ్గర చిన్న నీలిరంగు నిప్పులు మామూలే. కమ్యుటేటర్ చుట్టూ నిప్పు గాజులా తిరుగుతుంటే వెంటనే ఆపేయాలి.

మీది ఇనుప పని కాబట్టి ఇంకో విషయం ప్రత్యేకంగా చెప్పాలి. షాబాద్ బండలు కోసేవారి మిషన్‌లో చేరేది రాతి పొడి. మీ మిషన్‌లో చేరేది ఇనుప పొడి. రాతి పొడి తడిస్తేనే కరెంటును పోనిస్తుంది, ఇనుప పొడికి ఆ అవసరం కూడా లేదు. బ్రష్‌లు అరిగిన కార్బన్ పొడి దానికి తోడై, బ్రష్ హోల్డరుకూ కదలకుండా ఉండే ఫీల్డ్ కాయిల్ ఇనుప రేకులకూ మధ్య నల్లటి మెత్తటి పొరగా పేరుకుంటుంది. వేలు పెట్టి రుద్దితే కాటుకలా అంటుతుంది. మూడేళ్లుగా ఒక్కసారీ విప్పకపోతే మీ మిషన్‌లో ఇది తప్పకుండా ఉంటుంది. మెత్తటి పెయింటు బ్రష్‌తో దులపండి, తక్కువ ఒత్తిడి గాలితో బయట ఆరుబయట ఊదండి, కళ్లద్దాలు పెట్టుకోండి. పెట్రోలులో కడిగే పద్ధతి మన దగ్గర చాలా దుకాణాల్లో ఉంది, నేను దాన్ని ఒప్పుకోను. వార్నిష్ దెబ్బతింటుంది, ఆరని ఆవిరి లోపల ఉండగా మొదటి నిప్పురవ్వకే అంటుకుంటుంది.

సిరీస్ బల్బుతో, అంటే మిషన్‌కు వచ్చే ఫేజు దారిలో ఒక బల్బు కలిపి, పరీక్షించి ‘బల్బు నిండుగా వెలిగింది, షార్ట్ అయిపోయింది’ అని తేల్చేవాళ్లు ఉన్నారు. అది తప్పు. ఇంత పెద్ద మోటారు కాయిళ్ల నిరోధం ఒకటి రెండు ఓమ్‌లే ఉంటుంది, కనుక మంచి మిషన్ పెట్టినా బల్బు దాదాపు నిండుగానే వెలుగుతుంది. ఆ పరీక్ష రెండు విషయాలు మాత్రమే చెప్పగలదు: స్విచ్ నొక్కకుండానే బల్బు వెలిగితే వైరులోనో స్విచ్‌లోనో షార్ట్ ఉంది, ఫేజు నుంచి బాడీకి వెలిగితే ఆ మిషన్‌ను ఎవరూ ముట్టకూడదు. అది కూడా తెలిసినవారే చేయాలి, తీగలు బయట ఉంటాయి. ఆర్మేచర్ సంగతి తేల్చాలంటే మీటరును అతి తక్కువ ఓమ్‌ల స్థాయిలో పెట్టి, కమ్యుటేటర్ మీద పక్కపక్క పలకల మధ్య ఒక్కొక్కటిగా చుట్టూ కొలవాలి. అన్నీ దాదాపు ఒకటే చూపాలి. ఒకచోట బాగా తగ్గినా, ఒకచోట బాగా పెరిగినా అక్కడే జబ్బు. ఏ పలక నుంచీ ఇరుసుకు మీటరు కదలకూడదు. ఆర్మేచర్ పోయిందని తేలితే, వైండింగ్ మీద బతికేవాణ్ణయినా నేను చెప్పేది ఒకటే: కొత్త ఆర్మేచర్ కొనండి. నిమిషానికి వేల చుట్లు తిరిగే ఆ చిన్న ఆర్మేచర్‌ను చేత్తో చుట్టితే కంపెనీ బ్యాలెన్స్ రావడం కష్టం, కొద్ది నెలల్లో బేరింగును కూడా తినేస్తుంది.

ఇక మధ్యాహ్నం పది నిమిషాలకు పడటం. 16 ఆంపియర్ల బ్రేకర్ 1.13 రెట్లు, అంటే 18 ఆంపియర్ల దాకా గంటసేపు పడకూడదు, 1.45 రెట్లు, అంటే 23 ఆంపియర్లు పారితే గంట లోపల పడాలి; 2.55 రెట్లు, అంటే సుమారు 41 ఆంపియర్లు పారితే నిమిషం లోపల పడాలి. పది నిమిషాలకు పడిందంటే ఆ లైనులో పాతిక, ముప్పై మధ్య పారుతున్నాయని నా అంచనా. 9.6 ఆంపియర్ల మిషన్ ఒక్కటే అంత లాగదు. అరిగి నున్నబడిన డిస్కుతో గట్టిగా నొక్కి కోస్తే 14, 15 దాకా పోవచ్చు. మిగతాది ఎక్కడిది? మీరు కోస్తున్న సమయంలోనే అదే లైను మీద ఇంకొకరు వెల్డింగ్ చేస్తున్నారేమో చూడండి. ఇన్వర్టర్ వెల్డింగ్ మిషన్ మామూలు రాడ్డుకే పది, పన్నెండు ఆంపియర్లు సులువుగా లాగుతుంది. రెండూ కలిస్తే లెక్క సరిపోతుంది. ఉదయం ముక్కలు కోసి పెట్టుకుని, మధ్యాహ్నం ఒకవైపు కోత, ఒకవైపు వెల్డింగ్ నడిచే దుకాణాలే మన దగ్గర ఎక్కువ. అదే కారణమైతే బ్రేకర్ తప్పేమీ లేదు. వెల్డింగ్‌కు మెయిన్ బోర్డు నుంచి వేరే లైను, వేరే బ్రేకర్ వేయించాలి. దాంతో మీ మంజూరు లోడు దాటుతుందేమో కరెంటు బిల్లు మీద చూసుకుని, దాటితే విద్యుత్ పంపిణీ సంస్థ కార్యాలయంలో లోడు పెంచమని దరఖాస్తు పెట్టండి.

వెల్డింగ్ లేకపోయినా పడుతుంటే బోర్డు ఎక్కడ ఉందో చూడండి. ఎమ్‌సీబీని 30 డిగ్రీల వేడికి లెక్కగట్టి తయారుచేస్తారు. పడమటి ఎండ తగిలే షట్టరు పక్క గోడకు, ఇనుప డబ్బాలో ఉంటే, బయట 43, 44 డిగ్రీలు ఉన్న రోజున డబ్బా లోపల ఇంకా ఎక్కువ ఉంటుంది. ఆ వేడికి పట్టీ ముందే సగం వంగి కూర్చుంటుంది, కాబట్టి 16 అని రాసి ఉన్నా అంతకంటే తక్కువకే పడుతుంది. దీనికంటే తరచుగా నేను చూసేది ఇంకొకటి: బ్రేకర్ కింద వైరు బిగించిన స్క్రూ వదులవడం. వదులు చోట వేడి పుట్టి నేరుగా ఆ పట్టీకే పోతుంది. మెయిన్ ఆపి, టెస్టర్‌తో కరెంటు లేదని నిర్ధారించుకుని, ఆ స్క్రూలను ఎలక్ట్రీషియన్‌తో బిగించమనండి. వైరు తొడుగు అక్కడ గోధుమరంగుకు తిరిగి, పెళుసుగా ఉంటే ఆ మేరకు కోసి కొత్త కొసను బిగించాలి. ఆరు నెలల్లో ఇన్నిసార్లు పడిన బ్రేకర్ పాయింట్లు కూడా అరిగి ఉంటాయి. సి రకానికి మారుస్తున్నారు కనుక ఆ సంగతీ అక్కడే తీరిపోతుంది.

పడుతున్నది ఆర్‌సీసీబీ అయితే పైన చెప్పిన వేగం, బరువు లెక్కలన్నీ పక్కన పెట్టండి. మిషన్ ప్లేటు మీద చదరంలో చదరం గుర్తు ఉంటే అది రెండు పొరల ఇన్సులేషన్ ఉన్నది, దానికి ఎర్తు వైరు ఉండదు. ఆ గుర్తు లేకపోతే మూడో పిన్ను తప్పనిసరి. ఇనుప పొడి పేరుకోవడం, తడి, వైరు తొడుగు చిట్లడం మొదట చూడాలి. మీటరుతో కొలిస్తే బాగున్నట్లే కనబడవచ్చు, ఎందుకంటే దాని బ్యాటరీ వోల్టులకు ఈ పొడి పొర లొంగదు. 500 వోల్టుల మెగ్గరుతో (ఇన్సులేషన్ కొలిచే పరికరం) బాడీకి కొలిపించాలి. ఒక మెగా ఓమ్ కంటే తక్కువ చూపితే నేను ఆ మిషన్‌ను ఎవరి చేతికీ ఇవ్వను. సిరీస్ బల్బు ఇక్కడ అసలే పనికిరాదు, 30 మిల్లీ ఆంపియర్లకు బల్బు ఎర్రబడను కూడా ఎర్రబడదు, మనిషి ప్రాణానికి మాత్రం అది చాలు. ఏ మిషన్ పెట్టినా పడుతుంటే గోడలో ఎక్కడో న్యూట్రల్, ఎర్తు కలిశాయి, లేదా రెండు లైన్ల న్యూట్రల్ ఒకదానితో ఒకటి కలిపేశారు. అప్పుడు ఎలక్ట్రీషియన్ ఆర్‌సీసీబీని తప్పించి నేరుగా కలిపేద్దామంటాడు. ఒప్పుకోవద్దు. ఇనుప బల్ల మీద చెమట చేతులతో పనిచేసే మీ కుర్రవాళ్లకూ శ్మశానానికీ మధ్య ఉన్నది అదొక్కటే.

ఇది తేలేదాకా రోజువారీ పనిలో ఒక నియమం పెట్టుకోండి. లివర్ పడితే ఒక్కసారి మాత్రమే ఎత్తాలి. రెండోసారి పడితే మిషన్ ప్లగ్గు తీసేయాలి. మీరు రాసినట్లు నాలుగుసార్లు ఎత్తడం వల్ల, నిజంగా షార్ట్ ఉన్న రోజున నాలుగుసార్లూ ఆ నిప్పు వైరులోనే పారుతుంది.

రేపు దుకాణం తెరిచినప్పుడు నాలుగు విషయాలు కాగితం మీద రాసుకోండి: బ్రేకర్ మీద అంకెకు ముందున్న అక్షరం, బోర్డులోకి వచ్చే వైరు మీద అచ్చు వేసి ఉన్న స్క్వేర్ ఎంఎం అంకె, పడిన తరువాత లివర్ వెంటనే నిలిచిందా లేదా, పడిన సమయంలో వెల్డింగ్ నడుస్తోందా లేదా. వీటితో పాటు బ్రష్ రంధ్రంలోంచి కమ్యుటేటర్ ఫోటో ఒకటి తీసి పంపితే, ముందు బోర్డు విప్పించాలో మిషన్ విప్పించాలో చెప్పగలను.